కోతలయ్యాక పొలాలే గోల్ఫ్ కోర్సు: ఊరి దగ్గర దారి వేసుకుని ఆడడం ఎలా

విజయనగరం, శ్రీకాకుళం వైపు గోల్ఫ్ ఆడడం వచ్చినవాళ్లు లేకపోలేదు. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లలో కొందరు కంటోన్మెంటు కోర్సుల్లో నేర్చుకున్నారు, విశాఖలో ఉద్యోగాలు చేసేవాళ్లు కొందరు ముడసర్లోవ కోర్సులో నేర్చుకున్నారు. సొంతూరు చేరాక క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) అటకెక్కుతాయి. 18 హోల్స్ (బంతిని చేర్చాల్సిన గుంతలు) లేవు, గ్రీన్ (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) లేదు, ఎక్కడ ఆడతాం అంటారు. అవేవీ లేకుండా ఆడేదే క్రాస్ కంట్రీ గోల్ఫ్. ఒక చోట మొదలుపెట్టి, అర కిలోమీటరో కిలోమీటరో అవతల పాతిన జెండా దాకా, మధ్యలో ఏముంటే దాని మీదుగా బంతిని కొట్టుకుంటూ పోవడమే. కొట్టడం వచ్చినవాళ్లకు ఇందులో కష్టమనిపించేది కొట్టడం కాదు, దారి ఎంచుకోవడం. దారి బాగుంటే ఆట బాగుంటుంది. అది తప్పితే ఎండలో బంతి వెతుక్కోవడమే మిగులుతుంది.

ఎప్పుడు ఆడాలి

ఖరీఫ్ వరి నవంబరు, డిసెంబరుల్లో కోసేస్తారు కదా, ఇక చేలన్నీ ఖాళీయే అనుకుంటే పప్పులో కాలేసినట్టే, అది కూడా అక్షరాలా. మన వైపు పల్లపు చేలలో కోతకు కొద్ది రోజుల ముందే, నిలిచి ఉన్న వరిలోనే మినుము, పెసర చల్లేస్తారు. కోసిన మడిలో మోళ్ల మధ్య వేలెడంత మొక్కలుంటాయి. గట్టు మీద నిలబడి చూస్తే కనబడవు, వంగి చూస్తేనే తెలుస్తాయి. అలాంటి మడిలో నలుగురు నడిస్తే రైతుకు నష్టం, మీకు ఆ ఊళ్లో మళ్లీ ఆడే దారి మూసుకుపోయినట్టే.

కాబట్టి రెండే అదునులు. కోత తర్వాత ఏమీ వేయకుండా వదిలేసిన చేలైతే, కుప్పలు నూర్చి గడ్డి ఎత్తేశాక సంక్రాంతి నుంచి ఆడవచ్చు. మినుము వేసిన చేలైతే, పంట తీసేశాక మార్చి నుంచి తొలకరి దుక్కి మొదలయ్యే దాకా. జనవరిలో పొద్దున్నే మంచు పడి మోళ్లు తడిగా ఉంటాయి. బంతి, దానికి తగిలే క్లబ్బు ముఖం రెండూ తడిస్తే బంతి అదుపులో ఉండదు, పొద్దెక్కి తడి ఆరాక మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో దానికి తలకిందులు. ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించాలి. తీరం దగ్గరి మండలాల్లో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. ఎత్తుగా లేపిన బంతిని అది ఎటు తోస్తే అటు తీసుకుపోతుంది.

దారి వేయడం

ఫోనులో ఉపగ్రహ పటం తెరిచి, దూరం కొలిచే సదుపాయంతో మొదలు నుంచి చివరి దాకా సూటిగా గీత వేయండి. మొదటిసారికి 600 నుంచి 800 మీటర్లు చాలు. కిలోమీటరన్నర దాటితే ఆట కన్నా వెతుకులాటే ఎక్కువవుతుంది. నలుగురు కలిసి ఆడితే కిలోమీటరుకు గంట పైనే పడుతుంది.

పటంలో బొమ్మ పాతది కావచ్చు. అందులో ఖాళీగా కనబడిన చోట ఇప్పుడు చెరకో, మొక్కజొన్నో, కొత్తగా కట్టిన ఇల్లో ఉండవచ్చు. అందుకని ఆటకు ముందు ఒకసారి క్లబ్బులు లేకుండా దారంతా నడిచి చూడండి. రోడ్డు, రైలు పట్టాలు, బడి, ఇళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు గీతకు 150 మీటర్ల లోపు ఉంటే ఆ దారి వదిలేయండి. కుడిచేతి వాటం వాళ్ల బంతి గురి తప్పితే ఎక్కువగా కుడివైపుకే పోతుంది కనుక గీతకు కుడివైపు ఇంకాస్త ఎక్కువ ఖాళీ ఉండాలి. చెరకు తోట పక్కన అసలు వద్దు. అందులో పడిన బంతి దొరకదు, దొరికినా దాని కోసం లోపలికి వెళ్లడం మంచిది కాదు. సరుగుడు తోపులు, నీలగిరి తోటలు కూడా అంతే, వరసల మధ్య నుంచి కొట్టుకు రావడంలోనే పొద్దు గడిచిపోతుంది.

ఇక అసలు సంగతి, వాలు. మన పల్లపు భూములు మెట్ల మాదిరి ఉంటాయి. గరువు (మెట్ట నేల) వైపు ఎత్తుగా మొదలై, మడి తర్వాత మడి దిగుతూ చెరువుకో గెడ్డకో (వాగుకో) చేరతాయి. మడులు చిన్నవి. 10 సెంట్ల మడి అంటే సుమారు 405 చదరపు మీటర్లు, చదరంగా ఉంటే ఒక్కో వైపు 20 మీటర్లు. అంటే ప్రతి 20 మీటర్లకూ ఒక గట్టు. పల్లం నుంచి ఎత్తుకు ఆడితే ప్రతి గట్టూ మీ బంతికి గోడలా ఎదురవుతుంది. నేల మీద దొర్లే బంతి మొదటి గట్టుకే ఆగిపోతుంది, అదీ సరిగ్గా గట్టు మొదట్లో, కొట్టడానికి వీల్లేని చోట. ఎత్తు నుంచి పల్లానికి ఆడితే అదే గట్టు మెట్టులా ఉంటుంది, బంతి దాన్ని దాటి కింది మడిలోకి దూకుతుంది. అందుకే ముందు గరువు నుంచి పల్లానికి దారి వేయండి. చేయి తిరిగాక అదే దారిని తిరగేసి ఎత్తుకు ఆడి చూడండి, పూర్తిగా వేరే ఆటలా ఉంటుంది.

గెడ్డ, కాలువ, చెరువు మదుము (తూము) ఏదైనా ఒకటి దారికి అడ్డం పడేలా చూసుకుంటే ఆటలో పస ఉంటుంది. దాటాల్సిన దూరం 60, 70 మీటర్లకు మించితే మాత్రం కొత్తవాళ్లకు విసుగు పుడుతుంది. తాటిచెట్లు గురి చూసుకోవడానికి బాగా పనికొస్తాయి. చదును నేలలో దూరాన ఉన్న జెండా కనబడదు, "మూడు తాళ్ల మధ్య తాడి" అనుకుంటే నలుగురికీ ఒకే గురి. అయితే తాడి మానుకు తగిలిన బంతి తిన్నగా మీ మీదికే తిరిగి వస్తుంది. 30 మీటర్ల లోపు మాను అడ్డం ఉంటే పక్కకే కొట్టండి.

పార్ (దారి ముగించడానికి పట్టాల్సిన దెబ్బల లెక్క) ఎంతని పెట్టుకోవాలి? మోళ్ల మీద మామూలు ఆటగాడి దెబ్బ సగటున 110, 120 మీటర్లకు మించదు. మొత్తం దూరాన్ని 120తో భాగించి, వచ్చిన దానికి చివర్లో 2, అడ్డం వచ్చే ప్రతి నీటికీ 1 కలపండి. 960 మీటర్ల దారిలో ఒక గెడ్డ ఉంటే 8, 2, 1 కలిపి పార్ 11. రెండు మూడు సార్లు ఆడాక మీ ఊరి నేలను బట్టి ఈ లెక్క ఎలాగూ మార్చుకుంటారు.

అడగకుండా దిగకండి

దారిలో 20 మడులుంటే వాటికి ఎనిమిది పది మంది రైతులు ఉండవచ్చు. అందరినీ అడగాలి. కౌలుకు చేసేవాళ్లుంటే భూమి ఎవరిదైనా సరే, చేను చేస్తున్నవాళ్లనే అడగాలి. "ఏటి బాబూ, మా చేలో ఏటి పని?" అని అడిగితే గోల్ఫ్ గురించి పాఠం చెప్పకండి. బంతి, ఒక క్లబ్బు చేతిలో పెట్టి చూపించండి, ఫలానా రోజు ఫలానా వేళ అని చెప్పండి, గట్లు తెగవని, ఒక్క బంతి కూడా వదలమని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోవడమూ ముఖ్యమే. మిగిలిపోయిన బంతిని పశువు నమలవచ్చు, దుక్కిలో అది యంత్రానికి అడ్డం పడవచ్చు. మొదలుపెట్టే ముందు ఎన్ని బంతులు తెచ్చారో రాసుకుని, ఆట అయ్యాక లెక్క చూసుకోండి.

మోళ్లలో మేకలు, గొర్రెలు, బాతుల మందలు మేస్తుంటాయి. మంద మేపే మనిషికి కూడా ముందు రోజే చెబితే ఆ పూట మందను అటువైపు తీసుకుపోతాడు. చెప్పకపోతే ఆట మధ్యలో వందల బాతులు దారికి అడ్డం నిలబడతాయి, అవి కదిలే దాకా మీరు గట్టు మీద కూర్చోవాల్సిందే.

ఏం పట్టుకెళ్లాలి

నిబంధనల ప్రకారం 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు గాని ఇక్కడ ఐదు చాలు: ఒక హైబ్రిడ్ (దూరపు దెబ్బలకు), 6, 8, 9 ఐరన్లు (లోహపు ముఖం ఉన్న క్లబ్బులు), ఒక పిచింగ్ వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపేది). డ్రైవరు (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు) వద్దు. ఆ దూరానికి అది ఎటు పోతుందో చెప్పలేం. సాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి కొట్టే క్లబ్బు) కూడా ఇంట్లోనే ఉంచండి. దాని అడుగు ఉబ్బుగా ఉంటుంది, ఎండి గట్టిపడ్డ నేలకు తగిలి పైకి ఎగురుతుంది, అంచు బంతి నడుముకు కొడుతుంది. బంతి లేవకుండా ఈటెలా నేలబారున దూసుకుపోతుంది, ముందున్న మనిషికి అది ప్రమాదం.

బంతులు మనిషికి ఆరు, పాతవైనా పరవాలేదు. రంగు మాత్రం నారింజో, ముదురు గులాబీయో ఉండాలి. పసుపు బంతి గోల్ఫ్ కోర్సు గడ్డిలో బాగా కనబడుతుంది గాని ఎండిన మోళ్లలో గడ్డి రంగులో కలిసిపోతుంది. తెల్లది నయమే, అయితే ఎదుట ఎండ ఉంటే అదీ కనబడదు.

అన్నిటికన్నా అవసరమైనది ఒక అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న కృత్రిమ గడ్డి ముక్క. బంతిని దాని మీద పెట్టి కొడితే క్లబ్బూ బతుకుతుంది, మణికట్టూ బతుకుతుంది. బీటలు వారిన బంకనేలను ఐరన్‌తో బలంగా కొడితే ఆ అదురు మోచేతి దాకా వస్తుంది. టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) గుచ్చడానికి ఈ నేల ఒప్పుకోదు కనుక నాలుగంగుళాల మేకు ఒకటి ఉంచుకుని ముందు దానితో చిల్లు పెట్టండి. ఇవి కాక ఈల, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, చీలమండ కప్పే బూట్లు. మేకుల బూట్లు గట్ల మట్టిని పెళ్లగిస్తాయి, వేసుకోకండి.

జెండా, చివరి గురి

మూడు మీటర్ల వెదురు గెడకు ఎర్రగుడ్డ కట్టి పాతితే జెండా అయిపోయింది. హోల్ సంగతే కొంచెం ఆలోచించాలి. సైకిలు టైరు నేల మీద పరిస్తే చాలనుకుంటారు చాలామంది, కాని దొర్లుతూ వచ్చిన బంతి టైరు అంచుకు తగిలి బయటే ఆగిపోతుంది. దాని బదులు గెడకు మూడు మీటర్ల తాడు కట్టి, చుట్టూ తిరుగుతూ ముగ్గుపిండితో వలయం గీయండి. బంతి వలయంలో ఆగితే రెండు దెబ్బలు కలిపి ఆ దారి ముగిసినట్టు లెక్క. పుటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బు) మోయాల్సిన పని కూడా తప్పుతుంది.

సొంత భూమి అయితే, లేదా రైతు ఒప్పుకుంటే, నిజమైన హోలే పెట్టుకోవచ్చు. గోల్ఫ్ హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, లోతు కనీసం 101.6. బోరు నీళ్లకు వాడే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క జానెడు కోసి, అంచు నేలకు కాస్త కిందికి ఉండేలా పాతండి. లోపలి వ్యాసం 108 కన్నా కొద్దిగా తక్కువే వస్తుంది గాని, 42.67 మిల్లీమీటర్ల బంతికి ఇబ్బందేమీ ఉండదు. ఆట కాగానే పైపు తీసి గుంత పూడ్చేయండి, లేకపోతే అందులో ఏ లేగదూడ కాలో పడుతుంది.

హోల్‌కు కళ్లాన్ని మించిన చోటు లేదు. నూర్పిళ్ల కోసం చదును చేసి, పేడనీళ్లతో అలికి, పశువులు తొక్కి గట్టిపడిన కళ్లం మీద బంతి మంచి గ్రీన్ మీద కన్నా వేగంగా దొర్లుతుంది. అంచు దగ్గర 9 ఐరన్‌తో చిన్నగా తోస్తే చాలు, ఇటు నుంచి అటు దాటిపోతుంది. సైన్యపు కోర్సుల్లో గ్రీన్ బదులు ఇసుకలో నూనె కలిపి చేసే బ్రౌన్‌ల మీద ఆడినవాళ్లకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. వాళ్ల మాట విని ఇక్కడ నూనె మాత్రం పోయకండి, ఇది పంట నేల. గింజ ఉన్నంత కాలం కళ్లం జోలికి వెళ్లవద్దు. ఖాళీ అయ్యాక కూడా రైతు చెప్పులు విప్పమంటే విప్పే వెళ్లండి.

ఆడేటప్పుడు

ఒక దెబ్బకు ఒక ముందు మనిషి. కొట్టేవాడు బంతి దగ్గర ఉంటే, మరొకరు బంతి పడుతుందనుకున్న చోటికి 50 మీటర్లు పక్కగా, వీలైతే తాడి చాటున నిలబడి చూడాలి. చేయి పైకెత్తితే దారి ఖాళీ, చేతులు అడ్డంగా ఊపితే ఆగమని. ముందు 200 మీటర్ల లోపు గడ్డి కోసేవాళ్లో పశువులో కనబడితే అటు కొట్టవద్దు. కోర్సుల్లో బంతి దారి తప్పితే "ఫోర్" అని అరుస్తారు. పొలంలో ఆ కేకకు ఎవరూ తల దాచుకోరు, పైగా ఏమిటా అని తలెత్తి చూస్తారు. గట్టిగా ఈల వేసి "బంతి, బంతి!" అనండి.

మోళ్లలో నుంచి కొట్టడానికి పద్ధతి వేరు. కొడవలితో కోసిన మడిలో మోడు జానెడు లోపే ఉంటుంది, బంతి పైకి కనబడుతూనే ఉంటుంది. యంత్రం కోసిన మడిలో మోళ్లు మోకాలి సగం దాకా ఉంటాయి, పైగా గడ్డి వరసలుగా పడి ఉంటుంది, బంతి కిందికి దిగిపోతుంది. దారి వేసేటప్పుడే యంత్రం కోసిన మడులను వీలైనంత తప్పించండి. తప్పకపోతే బంతిని కుడి కాలి వైపు కాస్త వెనక్కి పెట్టుకుని, చేతులు బంతి కన్నా ముందుంచి, ముప్పావు ఊపుతో ముందు బంతికే తగిలేలా కొట్టండి. మోళ్లు క్లబ్బు మెడకు చుట్టుకుని ముఖాన్ని మూసేస్తాయి, బంతి ఎడమకు పోతుంది. అందుకని ముఖాన్ని కొంచెం తెరిచి, పట్టు బిగించి పట్టుకోండి. ముఖానికీ బంతికీ మధ్య గడ్డి ఇరుక్కుంటుంది కనుక బంతికి తిరుగుడు తక్కువ, పడ్డాక మామూలు కన్నా ఎక్కువ దొర్లుతుంది. కాని పదడుగుల్లో గట్టు ఉంది కదా! అందుకే ఎంత దొర్లుతుందన్నది లెక్కలోకి తీసుకోకండి. గాల్లో ఎంత పోతుందో అదే దూరం. బంతి గట్టు దాటి కొంచెం అవతల పడేలా కొట్టడమే ఇక్కడి నేర్పు.

పాముల గురించి భయం అక్కర్లేదు గాని జాగ్రత్త కావాలి. వరి చేలలో ఎలుక కన్నాలు ఉంటాయి, ఎలుకలున్న చోటికి తాచు, కట్లపాము, రక్తపింజరి వస్తాయి. కన్నంలో, గడ్డికుప్పలో, గట్టు పగుళ్లలో చేయి పెట్టకండి. క్లబ్బుతో కదిపి చూడండి, బంతి రాకపోతే వదిలేయండి. ఆట అయ్యాక వెలుతురు బాగా వచ్చిన వేళ రైతుతో కలిసి వెతకవచ్చు.

నిబంధనలు కొన్నే

వెతకడానికి మూడు నిమిషాలు. 2019 నుంచి అసలు గోల్ఫ్‌లోనూ అంతే. దొరకకపోతే ఒక దెబ్బ శిక్షతో, పోయిందనుకున్న చోట మరో బంతి వేసుకోండి. అసలు నిబంధనైతే వెనక్కి వెళ్లి మొదటి చోటు నుంచే కొట్టమంటుంది, పొలంలో అది పాటిస్తే ఆట తెల్లారదు. ప్రతి దెబ్బకూ బంతిని ఒక క్లబ్బు పొడవు లోపల, జెండాకు దగ్గర కాకుండా, గడ్డి ముక్క మీద పెట్టుకోవచ్చు.

శిక్ష లేకుండా బంతి తీసుకోదగినవి ఇవి: నేల బీటలు, యంత్రం చక్రాల గాడులు, గట్టు మొదలు, పుట్టలు, గ్రామదేవత గుడి, రాళ్ల గుట్ట. బంతిని మోకాలి ఎత్తు నుంచి వదలాలి. పుట్ట మీద బంతి పడితే క్లబ్బుతో కదిలించకండి, చేతితో తీయదగ్గ చోట ఉంటే తీయండి, లేకపోతే అది పుట్టకే వదిలేయండి. ఏప్రిల్ వచ్చేసరికి బంకనేల బీటలు మూర లోతు దిగుతాయి. బంతి లోపలికి పడింది మీరు కళ్లారా చూస్తే శిక్ష లేదు. గెడ్డలో పడితే ఒక దెబ్బ, నీళ్లకు ఇవతల వదలాలి. ఆవు తన్నినా, కుక్క ఎత్తుకుపోయినా శిక్ష లేదు, మొదట ఉన్న చోటే మళ్లీ బంతి పెట్టాలి, ఇది అసలు నిబంధనల్లోనూ ఉంది. పేడ అడ్డం ఉంటే తీసేయవచ్చు. బంతి పేడలోనే దిగితే నిబంధనల పుస్తకం చూడకండి, పక్కన పెట్టుకుని ఆడండి.

అసలు కోర్సు మీద ఇలా ఆడాలంటే

విశాఖ వెళ్లినప్పుడు 18 హోల్స్ కోర్సు మీద కూడా ఇలాగే దారి వేసుకుని ఆడవచ్చు, ఒకటో టీ (ఆట మొదలుపెట్టే చోటు) నుంచి ఐదో గ్రీన్‌కు, అక్కడి నుంచి పన్నెండో గ్రీన్‌కు. ఇది కొత్త పిచ్చేం కాదు. అమెరికాలోని బాండన్ దగ్గర షీప్ రాంచ్ అనే చోట మొదట్లో 13 గ్రీన్లే ఉండేవి, వరస లేదు, ఎవరి దారి వాళ్లు వేసుకుని ఆడేవారు. 18 అనే లెక్క కూడా మొదటి నుంచి ఉన్నది కాదు, సెయింట్ ఆండ్రూస్‌లో 22గా ఆడేదాన్ని 1764లో 18 చేశారు.

కాని కోర్సు వాళ్ల అనుమతి లేకుండా ఒక్క దెబ్బ కూడా వద్దు, ఎందుకంటే మీ దారి మిగతావాళ్ల ఫెయిర్‌వేలకు (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారులకు) అడ్డం పోతుంది. రద్దీ లేని రోజు, మధ్యాహ్నం చివరి జట్టు వెళ్లిపోయాక అడగండి. వెళ్లేటప్పుడే పటం మీద గీతలు గీసి చూపిస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మామూలుగా ఆడే జట్టు కనబడితే, వాళ్లు వెనకున్నా ముందున్నా, దారి వాళ్లదే. ఫెయిర్‌వే మీద పార్ లెక్క మారుతుంది. 120 బదులు 180తో భాగించి, చివర్లో 2 కలపండి. మీ గురి కాని గ్రీన్ మీద బంతి పడితే అక్కడి నుంచి కొట్టకూడదు. గ్రీన్ బయట, దగ్గరి చోట, జెండాకు దగ్గర కాకుండా ఒక క్లబ్బు పొడవులో శిక్ష లేకుండా వదలాలి. దారి అడ్డదిడ్డంగా ఉంటుంది కనుక ఇది తరచూ జరుగుతుంది. బంకర్లో (ఇసుక గుంతలో) అడుగు పెట్టారా, దంతెతో ఇసుక సరిచేసే బయటికి రండి, అది ఏ హోల్ బంకరైనా సరే.

ఇలా ఆడిన ఆటల స్కోరు హాండికాప్‌కు (ఆటగాడి స్థాయిని చూపే అంకెకు) పనికిరాదు, ఎంత కష్టమో లెక్కగట్టి రేటింగ్ ఇచ్చిన కోర్సులో ఆ వరసలో ఆడిందే లెక్కకు వస్తుంది. అందుకే దెబ్బల లెక్క కన్నా దారికి దారి గెలుపోటములు చూసుకోవడం సుఖం: ఆరు దారులు పెట్టుకుని, నాలుగు గెలిచినవాడికి ఆట.